పన్నెండో బీప్ ఏమైంది?

రాత్రి పదకొండున్నర. హైదరాబాద్ అమీర్‌పేటలో ఓ బాయ్స్ హాస్టల్. మూడో అంతస్తులోని ఆ గదిలో లైటు వెలగడం లేదు. ల్యాప్‌టాప్ తెరిచే ఉంది కానీ తెరమీద వెలుతురు సున్నాకి తగ్గించి ఉంది. ఆ చీకట్లో పాతికేళ్ళ కుర్రాడొకడు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని టకటకా కీబోర్డు నొక్కుతున్నాడు.

నైట్‌షిఫ్టుకు బయల్దేరుతున్న రూమ్మేటు అలవాటుగా ''లైటు వేయనా మామా?'' అనేసి వెంటనే నాలిక్కరుచుకున్నాడు.

''వెయ్యి. కానీ కరెంటు బిల్లులో నా వాటా అడగొద్దు'' అన్నాడు కుర్రాడు నవ్వుతూ.

అతనికి చూపు లేదు. ప్రోగ్రామర్ ఉద్యోగం మాత్రం ఉంది. ఆ ఉద్యోగం ఎన్నాళ్ళుంటుందో అన్న బెంగతోనే ఆ రాత్రి నిద్రపోకుండా కూర్చున్నాడు. చేస్తున్న పని చెబితే చాలామందికి చప్పగా అనిపిస్తుంది... కంప్యూటర్లో ఓ ప్లగిన్ బిగించి, అది పనిచేస్తుందో లేదో చూసుకుంటున్నాడు. అంతే!

2018 వానాకాలంలో జరిగిన కథ ఇది.

రేచీకటితో మొదలై...

గుంటూరు జిల్లా తెనాలి పక్కన ఓ పల్లెటూరు అతనిది. తండ్రికి నాలుగెకరాల పొలం, ఓ పాత ట్రాక్టరు. చిన్నప్పుడు సాయంత్రం ఆరు దాటితే పిల్లాడు గుమ్మాలకు గుద్దుకునేవాడు. 'రేచీకటి... ఆకుకూరలు పెట్టండి' అన్నారు అందరూ. తల్లి ఏడాదిపాటు పొన్నగంటికూరా తోటకూరా వండిపెట్టింది. తగ్గలేదు. పదో తరగతిలో ఉండగా పెద్దాసుపత్రికి తీసుకెళితే అసలు సంగతి తెలిసింది. అది రెటినైటిస్ పిగ్మెంటోసా. కంటి లోపల రెటీనాలో వెలుతురును పసిగట్టే కణాలు క్రమంగా దెబ్బతినే జబ్బు. జన్యువులద్వారా వస్తుంది. ముందు చీకట్లో చూపు పోతుంది, ఆ తర్వాత పక్కలనుంచి ముడుచుకుంటూ వచ్చి గొట్టంలోంచి చూస్తున్నట్టు అవుతుంది. కొందరికి అదీ మిగలదు. అతనికి ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో బోర్డు మీది అక్షరాలు పోయాయి. చివరి ఏడాదికల్లా తెర మీదివీ పోయాయి.

ఆ సమయంలో ఆదుకుంది స్క్రీన్‌రీడర్. కంప్యూటర్ తెరమీద ఏముందో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. ఇలాంటి వాటిలో బాగా పేరున్న 'జాస్' వెనక ఓ విచిత్రమైన కథ ఉంది. అమెరికాలో టెడ్ హెంటర్ అనే మోటార్‌సైకిల్ రేసర్ 1978లో కారు ప్రమాదంలో చూపు కోల్పోయాడు. ప్రోగ్రామింగ్ నేర్చుకుని, తనలాంటివాళ్ళ కోసం సొంత కంపెనీ పెట్టి 1989లో 'జాస్'ని తెచ్చాడు. కాకపోతే దాన్ని కొనాలి... ఖరీదెక్కువ. ఆ ఖరీదు ఎందుకు పెట్టాలంటూ ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని కుర్రాడు 2006లో 'ఎన్‌వీడీఏ' అనే స్క్రీన్‌రీడర్ రాయడం మొదలుపెట్టాడు. జేమ్స్ టె అనే స్నేహితుడు తోడయ్యాడు. అతనికీ చూపు లేదు. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. తెనాలి కుర్రాడి చెవిలో మోగుతున్నది ఆ ఎన్‌వీడీఏనే.

దాని వేగం వింటే మనకు మాత్రం జోరీగ రొదలా ఉంటుంది. అలవాటైనవాళ్ళు మామూలు మాటకు రెండింతలూ మూడింతలూ వేగంగా పెట్టుకుంటారు. రూమ్మేటు ఓసారి ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని రెండు క్షణాల్లో తీసేశాడు. ''ఇందులో నీకు మాటలు వినిపిస్తున్నాయా?!'' అని నోరెళ్ళబెట్టాడు.

పేపరును చెవితో చదివితే...

స్క్రీన్‌రీడర్ ఉంటే ఇంక ఇబ్బందేముంది అనిపించవచ్చు. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఈ పేపరునే తీసుకోండి. పొద్దున్నే పేపరు విప్పగానే మీరేం చేస్తారు? హెడ్డింగుల మీద ఓ చూపు, ఫొటోల మీద ఓ చూపు. నచ్చిన వార్త దగ్గర ఆగుతారు. తీరిగ్గా చదివేది ఆ తర్వాతే. ఆ మొదటి చూపుకు అయిదు క్షణాలు కూడా పట్టదు.

అదే పేపరును పక్కన ఎవరో కూర్చుని మొదటి పేజీ మొదటి అక్షరంనుంచీ ఏకబిగిన చదువుతున్నారనుకోండి. ఏది హెడ్డింగో ఏది ప్రకటనో ముందే తెలియదు. సినిమా పేజీ ఎక్కడుందో తెలుసుకోవాలంటే అక్కడివరకూ వింటూ రావాల్సిందే. విన్నదంతా గుర్తుపెట్టుకోవాలి కూడా. రెండువేల వరుసల ప్రోగ్రాముతో చూపులేనివాళ్ళు పడే అవస్థ అదే.

పైగా ప్రోగ్రాములు రాసుకోవడానికి వాడే 'విజువల్ స్టూడియో' లాంటి సాఫ్ట్‌వేర్లు కంటికి చాలా సేవలు చేస్తాయి. సెమికోలన్ మర్చిపోతే ఆ చోట ఎర్ర గీత గీస్తాయి. ప్రోగ్రాము ఎక్కడ ఆగిందో పసుపు రంగు పూసి చూపిస్తాయి. ఏ బ్రాకెట్‌కు ఏది జోడో వెలిగించి చెబుతాయి. రంగులూ గీతలే అక్కడ మాటలు. ఆ సాఫ్ట్‌వేర్ పేరులోనే 'విజువల్' ఉంది మరి!

''అన్నా, ఎర్ర గీత ఎక్కడుందో కాస్త చూసి చెప్తావా?''- ఆఫీసులో అతను రోజుకు ఏ పదిసార్లో అడగాల్సిన మాట ఇది. పక్కసీటు సీనియరు మంచివాడే. ''చెప్తా తమ్ముడూ'' అని కుర్చీ జరుపుకుని వచ్చేవాడు. కానీ ఆయనకూ తన పని ఉంటుందిగా. కొన్నాళ్ళకు ''ఒక్క పది నిమిషాలు'' అనడం మొదలైంది. ఆ పది కాస్తా అరగంట అయ్యేది. ఆ అరగంటా ఇతను చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. అడగడం కన్నా అడగాలా వద్దా అని లోపల్లోపల లెక్కలేసుకోవడం ఎక్కువ కష్టంగా ఉండేది.

ఓ శుక్రవారం టీమ్‌లీడర్ పిలిచి మెత్తగా చెప్పాడు. ''వచ్చే ప్రాజెక్టునుంచి నువ్వు డాక్యుమెంట్లు రాసే పని చూసుకో. కోడింగులో నీకు శ్రమవుతోంది కదా...''

జీతం తగ్గించలేదు, తిట్టలేదు. అయినా ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు. ప్రోగ్రాములు రాయడంకోసమే కదా ఇంత దూరం వచ్చింది!

ట్రాక్టరూ... గొర్రూ!

అలాంటి రోజుల్లో ఓ స్నేహితుడి ద్వారా తెలిసింది 'కోడ్‌టాక్' సంగతి. విజువల్ స్టూడియోకి బిగించుకునే ప్లగిన్.

ఆ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు తండ్రికి ఇదే చెప్పాడు. ''ప్లగిన్ అంటే?'' అన్నాడాయన. ఎలా చెప్పాలో కొడుక్కి ఒక్క క్షణం తోచలేదు. తర్వాత అన్నాడు... ''మన ట్రాక్టరుందిగా నాన్నా. అది ఉత్తి ఇంజినే. వెనక గొర్రు తగిలిస్తే దున్నుతుంది. ట్రక్కు తగిలిస్తే బస్తాలు మోస్తుంది. దమ్ము చక్రాలు వేస్తే వరి మడిలోకి దిగుతుంది. అన్ని పనులకూ అన్ని ట్రాక్టర్లు కొనంగా? ఇదీ అంతే. సాఫ్ట్‌వేర్ ఒకటే, వెనక తగిలించేవి వేరువేరు.''

''అట్టయితే ముందు పిన్ను సరిగ్గా పడిందో లేదో చూసుకో. తగిలించాక ఖాళీ పొలంలో ఓ చాలు తోలి చూసుకో. తిన్నగా చేలోకి దింపావంటే పైరు పోద్ది'' అన్నాడు తండ్రి.

ప్లగిన్‌ను బిగించడం గురించీ పరీక్షించడం గురించీ ఇంత తేలిగ్గా ఏ పుస్తకమూ చెప్పి ఉండదు!

సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళ ఆలోచన కూడా నిజానికి ఇదే. వాడేవాళ్ళ అవసరాలన్నీ ముందే ఊహించడం ఏ కంపెనీకీ సాధ్యం కాదు. అందుకే అసలు యంత్రాన్ని తయారుచేసి, వెనక కొక్కేలు పెట్టి వదిలేస్తారు. ఆ కొక్కెం ఎలా ఉంటుందో అందరికీ చెబుతారు. ఎవరికి కావాల్సింది వాళ్ళు చేసుకుని తగిలించుకోవచ్చు. 2001లో ఐబీఎం ఉచితంగా విడుదల చేసిన 'ఎక్లిప్స్' ఈ పద్ధతిని ఎంతదూరం తీసుకెళ్ళిందంటే, అందులో దాదాపు ప్రతిదీ ప్లగినే.

చూపులేనివాళ్ళకి ఈ కొక్కేలే దారి చూపించాయి. పుణెలో పుట్టిన టి.వి.రామన్‌కి పద్నాలుగేళ్ళ వయసులో చూపు పూర్తిగా పోయింది. ఐఐటీ బొంబాయిలో, ఆపైన అమెరికాలోని కార్నెల్‌లో చదివిన ఆయన, 'ఈమాక్స్' అనే ఎడిటర్‌కి మాటలు నేర్పి 1995లో 'ఈమాక్‌స్పీక్' పేరుతో అందరికీ ఇచ్చారు. తెరమీది అక్షరాలను వరసగా చదివెయ్యడం కాకుండా, ఆ అక్షరాల వెనకున్న అర్థాన్ని చెప్పించడం ఆయన చేసిన గొప్ప పని.

బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో తయారైన 'కోడ్‌టాక్' కూడా ఆ దారిలోదే. ఆ పరిశోధన బృందంలోని వెంకటేశ్ పొట్లూరి హైదరాబాద్ ట్రిపుల్‌ఐటీలో చదివిన చూపులేని ప్రోగ్రామరే. చూపున్నవాళ్ళకు ఒక్క చూపులో తెలిసేవి చెవికి ఎలా చేరవెయ్యాలన్నది వాళ్ళ ప్రశ్న. దానిమీద వాళ్ళు రాసిన పరిశోధన వ్యాసం 2018లో కెనడాలోని మాంట్రియల్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సులో వచ్చింది. ప్రోగ్రామునూ అందరికీ అందుబాటులో పెట్టారు.

బిగించాడు... పలకలేదు

ఆ రాత్రికి వద్దాం. ప్లగిన్ ఫైలును డౌన్‌లోడ్ చేసుకున్నాడు. దానికి 'వీఎస్ఐఎక్స్' అని తోక ఉంటుంది. నిజానికి అది ఓ మూట. ప్లగిన్ తాలూకు ఫైళ్ళూ, అది ఏ వెర్షన్‌కి సరిపోతుందో చెప్పే చీటీ అన్నీ అందులో కట్టిపెట్టి ఉంటాయి. దానిమీద ఎంటర్ నొక్కాడు. బిగించే కిటికీ తెరుచుకుంది. 'విజువల్ స్టూడియో 2017' అని చదివింది ఎన్‌వీడీఏ. 'ఇన్‌స్టాల్' నొక్కాడు.

ఎంతసేపైనా ముందుకు కదలదే! ట్యాబ్ కీతో ఒక్కొక్క అక్షరం వరసా వెతుకుతూ వెళితే సంగతి బయటపడింది. విజువల్ స్టూడియో వెనకాల ఇంకా నడుస్తోందట. దాన్ని మూసేదాకా బిగించడం కుదరదట. నడుస్తున్న ట్రాక్టరుకు గొర్రు తగిలించకూడదన్నమాట! దాన్ని మూశాడు. నిమిషంలో పని పూర్తయింది.

మళ్ళీ తెరిచాడు. ప్లగిన్ల జాబితాలో కోడ్‌టాక్ పేరు వినిపించింది. హమ్మయ్య అనుకున్నాడు. దాన్ని పిలవడానికి నొక్కాల్సిన కీలు నొక్కాడు.

నిశ్శబ్దం.

మళ్ళీ నొక్కాడు. ఊహూ.

చూపున్నవాళ్ళకు ఇలాంటిచోట తెరమీద ఏదో ఒకటి కనిపిస్తుంది. ఓ పెట్టె తెరుచుకోవడమో, ఓ బొమ్మ మెరవడమో. అతనికి శబ్దం రాలేదంటే ఏమీ లేనట్టే. ప్లగిన్ పాడైందా? కీలు తప్పు నొక్కుతున్నాడా? లేక మధ్యలో ఎవరన్నా ఆ నొక్కుడును కాజేస్తున్నారా?

మొదటి అనుమానం ఎన్‌వీడీఏ మీదికే పోయింది. స్క్రీన్‌రీడర్లు తమకోసం కొన్ని కీలను పట్టి ఉంచుతాయి. 'ఇప్పుడు నొక్కబోయేది నీకు కాదు, వదిలెయ్' అని దానికి చెప్పడానికి ఓ పద్ధతుంది. ఎన్‌వీడీఏ కీతోపాటు ఎఫ్2 నొక్కాలి. నొక్కి చూశాడు. అయినా కోడ్‌టాక్ పలకలేదు. అంటే దొంగ ఎన్‌వీడీఏ కాదు.

ఎనిమిదిలో ఒకటి

అప్పటికే అతని విజువల్ స్టూడియోలో ఇంకో ఎనిమిది ప్లగిన్లున్నాయి. కొన్ని ఆఫీసువాళ్ళు బిగించమన్నవి, కొన్ని సరదాకొద్దీ బిగించుకున్నవి. వాటిలో ఏదో ఒకటి ఇవే కీలను ముందే తనకు రాసేసుకుని ఉంటే? కొత్తగా వచ్చిన దానికి పిలుపు అందదు.

ఒక్కోదాన్నీ ఆపి, విజువల్ స్టూడియోని మూసి, మళ్ళీ తెరిచి చూడాలంటే ఎనిమిదిసార్లు చెయ్యాల్సి రావచ్చు. తెరిచినప్పుడల్లా రెండు మూడు నిమిషాలు. పైగా ప్రతిసారీ మెనూల్లో చెవితోనే నడిచి వెళ్ళాలి. అతను ఓ చిట్కా వాడాడు. ఏ ప్రోగ్రామరైనా మొదటి ఏడాదిలో నేర్చుకునేదే. సగానికి సగం!

ముందు నాలుగింటిని ఆపాడు. తెరిచి చూస్తే కోడ్‌టాక్ ఇంకా మౌనంగానే ఉంది. అంటే ఆపిన నాలుగూ నిర్దోషులు, దొంగ మిగతా నాలుగింటిలోనే ఉన్నట్టు. వాటిలో రెండు ఆపాడు. ఈసారి పలికింది! దొంగ ఇప్పుడు ఆపిన ఆ రెండింటిలో ఒకటి. ఒకదాన్ని తిరిగి నడిపించాడు. మళ్ళీ నిశ్శబ్దం. దొరికింది దొంగ!

ఎనిమిదింటిలో ఒకదాన్ని పట్టుకోవడానికి మూడు ప్రయత్నాలు చాలు. వెయ్యిలో ఒకటైనా పది ప్రయత్నాల్లో దొరికిపోతుంది. పండగరోజు ఇంట్లో సీరియల్ బల్బుల దండ వెలగకపోతే సగం దగ్గర టెస్టర్ పెట్టి చూసే ఎలక్ట్రీషియన్ చేసేదీ ఇదే. మైక్రోసాఫ్ట్ వాళ్ళ మరో ఎడిటర్ 'వీఎస్ కోడ్'లో తర్వాతి కాలంలో ఈ సగం సగం వెతుకులాటను స్వయంగా చేసిపెట్టే సదుపాయమే వచ్చింది. ఆ రాత్రి అతనికి అది లేదు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

ఆ దొంగ ప్లగిన్ కూడా చెడ్డదేం కాదు. అవే కీలను ముందుగా వాడుకుంది, అంతే. సెట్టింగుల్లోకి వెళ్ళి దానికి వేరే కీలు ఇచ్చాడు. రెండింటికీ రాజీ కుదిరింది. అప్పటికి టైము ఒంటిగంటన్నర.

ఖాళీ పొలంలో ఓ చాలు

పలికింది కదా అని వెంటనే ఆఫీసు ప్రోగ్రాము తెరవలేదు. తండ్రి మాట గుర్తుంది. ముప్ఫై వరుసల ఉత్తుత్తి ప్రోగ్రాము ఒకటి రాసుకున్నాడు. అందులో కావాలని తప్పులు పెట్టాడు. ఒకచోట సెమికోలన్ తీసేశాడు. ఒకచోట పేరులో ఓ అక్షరం తారుమారు చేశాడు. ఇంకోచోట బ్రాకెట్ మూయలేదు. ఏ తప్పుకు ఏం వినిపించాలో ముందే ఓ ఫైల్లో రాసిపెట్టుకున్నాడు. జవాబు ముందే రాసిపెట్టుకోకపోతే, వినిపించిందే సరైన జవాబనుకునే ప్రమాదం ఉంటుంది!

సెమికోలన్ దగ్గర చిన్న శబ్దం మోగింది. ఇన్నాళ్ళూ అతనికి అందకుండా పోయిన ఎర్ర గీత అది. మొదటిసారి తన చెవికి తనే విన్నాడు. తప్పుల జాబితా అడిగితే వరసగా చెప్పింది. జాబితాలో ఎంటర్ నొక్కితే ఆ వరుసకే తీసుకెళ్ళింది. ఫైల్లో ఏయే ఫంక్షన్లున్నాయో అడిగితే హెడ్డింగుల్లా చదివి వినిపించింది. 'నేనెక్కడున్నాను?' అని అడిగితే ఏ క్లాసులో, ఏ ఫంక్షన్‌లో, ఏ లూపులో ఉన్నాడో చెప్పింది. కొత్త ఊళ్ళో దారితప్పినవాడికి కూడలి పేరు చెప్పినట్టు.

ఆ తర్వాత తప్పులన్నీ సరిదిద్ది మళ్ళీ పరీక్షించాడు. ఈ పని చాలామంది చెయ్యరు. తప్పున్నప్పుడు మోగితే సరిపోదు, తప్పు లేనప్పుడు మోగకూడదు కూడా. ఎప్పుడూ మోగే గంటా, ఎప్పుడూ మోగని గంటా రెండూ ఒకటే! రాస్తూ రాస్తూ ఉండగా మాత్రం ఒకట్రెండుసార్లు ఊరికే మోగింది. వాక్యం సగంలో ఉన్నప్పుడు ఇలాంటి సాధనాలు దాన్నీ తప్పుగానే లెక్కేస్తాయి. పూర్తిచేశాక ఆగిపోయింది. 'సగంలో మోగితే కంగారుపడకూడదు' అని తన ఫైల్లో రాసుకున్నాడు.

అన్నిటికన్నా అతన్ని ఆకట్టుకున్నవి 'టాక్‌పాయింట్లు'. ప్రోగ్రాములో పొరపాటు ఎక్కడుందో వెతికేటప్పుడు మామూలుగా ఓ వరుస దగ్గర దాన్ని ఆపి, అప్పటి లెక్కలన్నీ తెరమీద చూసుకుంటారు. టాక్‌పాయింట్ పెడితే ప్రోగ్రాము ఆ వరుసకు వచ్చినప్పుడల్లా బీప్ మంటుంది, లేదంటే మనం చెప్పిన మాట అంటుంది, అదీ కాకపోతే మనం అడిగిన విలువను పైకి చదువుతుంది. చదివి, ప్రోగ్రామును ఆపకుండా ముందుకు పోనిస్తుంది. అంటే నడుస్తున్న ప్రోగ్రామును కూర్చుని వినొచ్చు!

ఒంగోలు దగ్గర తప్పిన తాళం

సోమవారం ఆఫీసులో వాతావరణం వేడిగా ఉంది. మందులు పంపిణీచేసే ఓ సంస్థకోసం తయారుచేస్తున్న వార్షిక నివేదికలో మొత్తం తక్కువ వస్తోంది. ఇరవైమూడు శాఖలు, ఒక్కోదానికీ ఏప్రిల్‌నుంచి మార్చి వరకూ పన్నెండు నెలల అమ్మకాలు. అన్నీ కూడితే ఆ సంస్థవాళ్ళ పుస్తకంలోని అంకెకూ దీనికీ పొంతన లేదు. ఇద్దరు సీనియర్లు రెండు రోజులనుంచి తలలు పట్టుకుని ఉన్నారు. పైసల సవరింపులో తేడా ఏమోనని ఒకరు, డేటాబేస్‌లోనే లోపముందని ఇంకొకరు.

అతన్ని ఎవరూ అడగలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ సీట్లన్నీ ఖాళీ అయ్యాక, ఆ ప్రోగ్రాము కాపీ ఒకటి తన కంప్యూటర్లో తెరిచాడు. రెండు టాక్‌పాయింట్లు పెట్టాడు. ఒక్కో శాఖ మొదలైనప్పుడు దాని పేరు చదివేలా ఒకటి. నెలల లెక్క కూడే చోట బీప్ మనేలా ఇంకొకటి. ఇయర్‌ఫోన్ పెట్టుకుని ప్రోగ్రామును నడిపాడు.

'గుంటూరు...' పన్నెండు బీప్‌లు. 'నెల్లూరు...' పన్నెండు. 'విజయవాడ...' పన్నెండు.

అతని ఊళ్ళో ధనుర్మాసం వస్తే చెక్కభజన చేసేవాళ్ళు. గుండ్రంగా తిరుగుతూ ఇరవైమంది చెక్కలు కొడుతుంటే, అరుగుమీద కూర్చున్న ముసలమ్మలు ఎవడు తాళం తప్పాడో కళ్ళు మూసుకునే చెప్పేసేవాళ్ళు. చెవికి ఉన్న శక్తి అది. వరసలో ఒక్క దెబ్బ తగ్గితే ఠక్కున పట్టేస్తుంది.

'ఒంగోలు...'

పదకొండే!

వేళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ మొదటినుంచీ నడిపాడు. మళ్ళీ ఒంగోలు దగ్గర పదకొండే. ఈసారి బీప్ తీసేసి నెల పేరు చదివేలా మార్చాడు. మిగతా శాఖలన్నీ ఏప్రిల్‌తో మొదలవుతుంటే ఒంగోలు మాత్రం మే నెలతో మొదలైంది. ఏప్రిల్ ఏమైంది?

ఫైలు తెరిచి వింటే తెలిసింది. మిగతా శాఖలు పంపిన ఫైళ్ళలో మొదటి వరుసలో 'నెల, అమ్మకం' అని హెడ్డింగు ఉంది. ప్రోగ్రాము ఆ వరుసను వదిలేసి రెండోదాన్నుంచి కూడుతోంది. ఒంగోలువాళ్ళు హెడ్డింగు లేకుండా పంపారు. దాంతో ప్రోగ్రాము హెడ్డింగనుకుని ఏప్రిల్ నెల మొత్తాన్నే వదిలేసింది! కళ్ళున్నవాళ్ళు ఎందుకు పట్టుకోలేకపోయారంటే, వాళ్ళు చూస్తోంది ప్రోగ్రామును. అందులో తప్పేమీ కనిపించదు. కొత్త ఫైలు వచ్చినప్పుడు అది ఎలా నడుస్తుందో వింటేనే తప్పు తెలిసింది.

భోజనంనుంచి తిరిగొచ్చిన సీనియరుతో ''అన్నా, ఒక్క పది నిమిషాలు'' అన్నాడు అతను. ఎర్ర గీత చూడమంటాడేమో అనుకుని ఆయన కుర్చీ జరుపుకున్నాడు. ఇతను ఇయర్‌ఫోన్ ఒకటి ఆయన చెవికి అందించాడు. చదివే వేగం తగ్గించి, ప్రోగ్రామును నడిపాడు. ఒంగోలు దాటగానే ఆయన ''ఆగాగు... మళ్ళీ పెట్టు'' అన్నాడు. రెండోసారి విని, తలెత్తి, గట్టిగా కేకేశాడు- ''ఒరే, ఇటు రండ్రా!''

పిన్ను పడింది

ఆ ఒక్క రోజుతో అన్నీ మారిపోయాయనుకుంటే పొరపాటే. టీమ్‌లీడర్ ఆ సాయంత్రం ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత పిలిచి, ''ఆ బీప్‌ల సంగతేంటో నాకూ చూపించు'' అన్నాడు. విన్నాడు. ''డాక్యుమెంట్ల పని సంగతి తర్వాత చూద్దాంలే'' అన్నాడు. ఆ 'తర్వాత' మళ్ళీ రాలేదు.

ప్లగిన్ ఉంటే చాలు, అన్నీ సులువనీ కాదు. తెరమీద బటన్ ఏ రంగులో ఉందో, రెండు పెట్టెలు ఒకదానిమీద ఒకటి ఎక్కాయో లేదో ఇప్పటికీ ఎవరినో అడగాల్సిందే. అసలు యంత్రం కొత్త వెర్షన్‌కి మారినప్పుడు పాత ప్లగిన్లు నడుస్తాయన్న నమ్మకం లేదు. తయారుచేసినవాళ్ళు వాటిని పట్టించుకోవడం మానేస్తే అవి వెనకబడిపోతాయి. ట్రాక్టరు మారిస్తే పాత గొర్రు పిన్ను పట్టకపోవచ్చు కదా. అందుకే అతను ఆ ముప్ఫై వరుసల ఉత్తుత్తి ప్రోగ్రామును పారెయ్యలేదు. ఏ కొత్త వెర్షన్ వచ్చినా, ఏ కొత్త ప్లగిన్ బిగించినా ముందు దానిమీదే ఓ చాలు తోలి చూసుకుంటాడు. హైదరాబాద్‌లో తనలాగే చెవితో కోడ్ రాసే మరికొందరికీ దాన్ని పంపించాడు.

సంతోషించాల్సిన విషయం ఇంకొకటుంది. ఒకప్పుడు విడిగా బిగించుకోవాల్సిన ఇలాంటి సదుపాయాలు మెల్లగా అసలు యంత్రంలోకే వస్తున్నాయి. వీఎస్ కోడ్‌లో ఇప్పుడు తప్పున్న వరుసమీదికి వెళితే శబ్దం వినిపించేలా పెట్టుకోవచ్చు. అందుకోసం ఏ ప్లగినూ అక్కర్లేదు. వీధి చివర ర్యాంపు కట్టడానికీ, మెట్లతోపాటే ర్యాంపునూ కట్టడానికీ ఉన్నంత తేడా అది.

ఆ సోమవారం రాత్రి అతను ఇంటికి ఫోన్ చేశాడు. ఒంగోలు సంగతీ ఏప్రిల్ సంగతీ చెబితే తండ్రికి అంతా అర్థమైందో లేదో తెలియదు. చివరిదాకా విని ఒక్కటే అడిగాడాయన.

''అయితే పిన్ను పడిందంటావ్?''

''పడింది నాన్నా.''

''ఎవరన్నా వచ్చి పట్టుకున్నారా?''

ఆ ప్రశ్నకు కొడుకు వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. గొంతు సర్దుకోవడానికి కాస్త సమయం పట్టింది.

''లేదు. నేనే తగిలించుకున్నా.''